చుట్టుదారి టికెట్లు

"డైరెక్ట్ ఫ్లైట్ వద్దండీ. ఇంకా ఎక్కువసేపు పట్టేది చూడండి."

టికెట్ల కౌంటర్లో ఉన్నావిడ కంప్యూటర్ మీంచి తల తిప్పి చూసింది. ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి షార్ట్‌కట్ అక్క అంటారు. ఎంత దూరప్రయాణమైనా ఎక్కడో ఒకచోట ఓ గంట కోస్తే గాని ఆవిడకు తిన్నది అరగదు. అలాంటి మనిషి దగ్గరికొచ్చి ఓ అమ్మాయి గంటలు పెంచమంటే ఒళ్ళు మండదూ?

"చూడమ్మా, ఎనిమిది వేల కిలోమీటర్లు. డైరెక్ట్‌గా పోతే తొమ్మిదిన్నర గంటల్లో దిగుతారు. మధ్యలో ఒకచోట మారితే పదహారు. ఎందుకు చెప్పు ఈ తిప్పలు?"

"రెండు చోట్ల మారితే?"

"ముప్పై ఒకటి! అందులో సగం ఎయిర్‌పోర్టు కుర్చీల్లో పడిగాపులే. నడుములు పడిపోతాయి."

"అదే ఇవ్వండి, మావారికీ నాకూ. సీట్లు మధ్య వరసలో, అటూ ఇటూ జనం ఉండేట్టు చూడండి. ఖాళీగా వెళ్ళే విమానమైతే వద్దు."

కిటికీ సీటు కోసం కొట్టుకునేవాళ్ళను అక్క చాలామందిని చూసింది. మధ్య సీటు కోసం బతిమాలే మనిషిని చూడటం ఇదే మొదలు.

"మావారికి అక్కడ కొత్త ఉద్యోగం. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నాం" అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "ఆయన డైరెక్ట్ ఫ్లైటే తీసుకోమన్నారు. ఇప్పుడు ఫోన్ చేస్తారు. అందులో సీట్లు లేవని మీరు చెప్పాలి. మీకు దణ్ణం పెడతాను."

"బాగుంది! మొగుడూ పెళ్ళాల మధ్య నన్నెందుకమ్మా ఇరికిస్తావు? ఎన్ని సీట్లున్నాయో చూడు, కావాలంటే."

అంతలోనే అమ్మాయి ఫోన్ మోగింది. ఎత్తకుండానే దాన్ని అక్క చేతిలో పెట్టింది. ఆ మొహం చూశాక అక్కకు కాదనడానికి నోరు రాలేదు.

"డైరెక్ట్ నిండిపోయిందండీ. రెండు చోట్ల మారేదే మిగిలింది. ముప్పై ఒక్క గంటలు పడుతుంది మరి" అంది. అవతల మనిషి ఇంతెత్తున లేస్తాడనుకుని ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుంది.

"అయ్యో, మీరు మాత్రం ఏం చేస్తారు మేడమ్? అవే ఇచ్చేయండి" అన్నాడతను నవ్వుతూ. "మా ఆవిడ మిమ్మల్ని బాగా విసిగించి ఉంటుంది. ఏమీ అనుకోకండి, పాపం కొంచెం అమాయకురాలు."

అక్క మనసు కుదుటపడింది. కొంచెం కుళ్ళు కూడా కలిగింది. తన మొగుడు బస్సెక్కితే చాలు, టికెట్ కొట్టేలోపే గుర్రు పెడతాడు. ఇదెక్కడి మొగుడో, పరాయివాళ్ళతో కూడా ఇంత మర్యాద!

"అంత మంచి మనిషితో నాచేత అబద్ధం చెప్పించావు కదమ్మా!" అంది టికెట్లు అందిస్తూ. "అయినా నీ బాధ నాకు అర్థమైందిలే. అలాంటి మొగుడు పక్కన కూర్చుంటే ముప్పై ఒక్క గంటలేం సరిపోతాయి?"

అమ్మాయి టికెట్లు భద్రంగా సంచిలో పెట్టుకుంది.

"సరిపోవండీ. కానీ అంతసేపూ చుట్టూ జనం ఉంటారు. నలుగురూ చూస్తుంటే ఆయన నా మీద చెయ్యి చేసుకోరు."