లేసులు

“లెయ్యవయ్యా పెద్దమనిషీ! దారికడ్డంగా ఏంటీ కూర్చోవడం?” కోచ్ కసిరాడు.

ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న ముసలాయన కదల్లేదు.

“కిందికెళ్లాలంటే లిఫ్టుందిగా మాస్టారూ.”

“వెళ్లడానికి కాదు. మావాడు నాలుగంతస్తులూ పరుగున ఎక్కి దిగుతాడు. మంచమ్మీదే పడుంటే కాళ్లు తుప్పు పట్టిపోవూ?”

కోచ్ వెనక కొడుకు పరుగుబూట్లు తొడుక్కుని, తల దించుకుని నిలబడ్డాడు.

టీకా వేయించుకున్న మూడోరోజు వాడికి ఛాతీలో నొప్పి వచ్చింది. గుండె కండరం వాచిందన్నారు.

“ఎక్కడో నూటికో కోటికో ఇలా అవుతుంది. మందులకి లొంగుతుంది, భయపడకండి,” అంది డాక్టరమ్మ. “నేను చెప్పేదాకా పరుగు మాత్రం వద్దు.”

మందులు వేశాక నొప్పి తగ్గింది. పోటీలేమో నెత్తి మీదికొచ్చాయి.

“డాక్టరమ్మ వద్దన్నారుగా,” గొణిగాడు, పక్క మంచం మీది తమ్ముడికి తోడుగా ఉంటున్న ముసలాయన.

“పరుగు ఎవర్నీ చంపదు. తాతకి దగ్గులు నేర్పకు!”

పరుగు చంపదు. ఆ మాట నమ్మకపోతే కోచ్‌కి కంటి మీద కునుకుండదు.

మిడత అని ఒక కుర్రాడుండేవాడు. పుల్లల్లాంటి కాళ్లు చూసి ఆ పేరు పెట్టింది కోచే. జ్వరం నుంచి లేచొచ్చి, “గుండెల్లో నొప్పి సార్” అంటే, “సాకులు చెప్పకురా” అని ఇంకో రౌండు పరుగెత్తించాడు.

ఆ రౌండు పూర్తి కాలేదు.

రాత అన్నారు జనం. కోచ్ కూడా రాతే అనుకున్నాడు. వాళ్లింటికి పలకరింపుకి వెళ్లడానికి మాత్రం కాళ్లు రాలేదు.

ముసలాయన లేవనేలేదు. కోచ్ పళ్లు కొరుక్కుంటూ కొడుకుని వెనక్కి తీసుకెళ్లాడు.

మర్నాడు మెట్లు ఖాళీగా ఉన్నాయి. తీరా చూస్తే కొడుకు బూట్లకి లేసులు లేవు.

కోచ్ వార్డులోకి ఉరికాడు. పక్క మంచం మీది తన తమ్ముణ్ని ఆస్పత్రివాళ్లు ఇంటికి పంపించేస్తుంటే, ముసలాయన సంచి సర్దుకుంటున్నాడు. జేబులోంచి లేసుల కొసలు వేలాడుతున్నాయి.

“ముసలితనానికి ఇదేం బుద్ధయ్యా? లేసులు దొంగిలించే బతుకూ ఒక బతుకేనా?”

వార్డంతా తిరిగి చూసింది.

ముసలాయన జేబులో చెయ్యి పెట్టాడు. లేసులు తీసి కోచ్ చేతిలో పెట్టాడు.

“డాక్టరమ్మ సరేనన్నాకే కట్టండి మాస్టారూ.”

తమ్ముడి భుజం పట్టుకుని, లిఫ్టెక్కి వెళ్లిపోయాడు.

అంతలో డాక్టరమ్మ స్కాను చూసుకుంటూ వచ్చింది.

“నొప్పి తగ్గినా వాపు ఇంకా ఉంది. కొంపదీసి పరుగులేం పెట్టలేదు కదా?”

కోచ్ లేసుల్ని గుప్పిట్లో దాచుకున్నాడు. ఆమె వెళ్లాక మంచం అంచున కూలబడ్డాడు.

“ఎవర్రా ఆయన? మనకేమవుతాడని మెట్లకి కాపలా కాశాడు?”

కొడుకు విచిత్రంగా చూశాడు.

“నీకు తెలుసనుకున్నా నాన్నా... మిడత వాళ్ల నాన్నట.”