చేతులు మారని పార

“ఆ పార ఇలా పట్రా రూపర్ట్. డాక్టరుగారికివ్వు,” అంది ఎస్మీ.

సమాధి చుట్టూ సాగుతున్న పాట ఒక్క క్షణం తడబడింది. రూపర్ట్ అక్క మొహంలోకి అనుమానంగా చూశాడు. ఆమె కొడుకు ఎవర్టన్‌ను అప్పుడే గోతిలోకి దించారు. మానసిక ఆసుపత్రి వార్డులో నలుగురు మగాళ్ళు వాణ్ణి బోర్లా పడేసి అదిమిపట్టినప్పుడు పక్కనే నిలబడ్డ ఈ డాక్టరు పెద్దమనిషి, ఇప్పుడు పూలగుత్తి పట్టుకుని ఇక్కడా నిలబడ్డాడు. గుండె ఆగిపోయిందన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆగదా మరి! నలుగురు మీదెక్కి కూర్చుంటే ఎవరి గుండె మాత్రం ఆడుతుంది?

“మిసెస్ గ్రాంట్, ఇలాంటిది ఇంకెవరికీ జరక్కూడదు,” అన్నాడు డాక్టర్ విట్లాక్ మెత్తగా. “మానసిక వైద్యంలో మీ ఆఫ్రికన్, కరీబియన్ వాళ్ళకి మేలు జరిగేలా ఒక కమిటీ వేస్తున్నాం. మీ అబ్బాయి పేరే పెడదామనుకుంటున్నాం. మీరూ అందులో ఉండాలి.”

“ఉంటాలెండి. ముందు ఒక్క సంగతి చెప్పండి. మావాడు ఆఖర్న ఏమన్నాడు?”

చర్చి జనమంతా వింటున్నారు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

“ఏమీ అనలేదండీ. ప్రశాంతంగా పోయాడు.”

ఎస్మీకి కావలసింది ఆ ఒక్క ముక్క నిజం, నలుగురి ముందు, ఈయన నోటితోనే. అది కక్కించకుండా ఈయన్ని గేటు దాటనిస్తే తను తల్లే కాదనుకుంది.

“అయితే పార పట్టండి. మా జమైకావాళ్ళ గొయ్యి మేమే పూడుస్తాం, యంత్రాన్ని ముట్టుకోనివ్వం. మీరు వాడి డాక్టరు. మీ చెయ్యి పడాలి.”

ఇదేదో గౌరవమనుకున్నాడు పాపం. కోటు విప్పి పక్కనున్నామెకిచ్చి మట్టి వెయ్యడం మొదలెట్టాడు. మామూలుగా ఒకడు నాలుగు పారలు వేసేసరికి ఇంకొకడు వచ్చి అందుకుంటాడు. ఎస్మీ మగాళ్ళందరి వైపూ ఒక్క చూపు చూసింది. ఎవడూ కదల్లేదు. చేతుల్లో ఉన్న పారలు కూడా కింద పెట్టేశారు.

బర్మింగ్‌హామ్ మట్టి అసలే బంక, పైగా వాన. ఆడవాళ్ళు ఒక పాట ముగించి ఇంకోటి అందుకున్నారు. డాక్టరు అరచేతులు బొబ్బలెక్కాయి. పారను రూపర్ట్ వైపు చాచాడు.

“అబ్బే, బాగా వేస్తున్నారు. కానివ్వండి,” అంటూ రూపర్ట్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“చర్చి హాల్లో భోజనాలకి వండిన మేక కూర చల్లారిపోతోంది నాయనా, కాస్త చెయ్యాడించు!” అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్మీ నవ్వలేదు. ఆయన మొహం కందగడ్డలా కావడం, చొక్కా వీపుకంటుకుపోవడం కళ్ళారా చూస్తూ నిలబడింది. ఎన్నాళ్ళకో ఆమె ప్రాణానికి కాస్త హాయిగా ఉంది. గొయ్యి ఇంకా సగం కూడా నిండలేదు.

చివరికి ఆయన పార మీద వాలిపోయాడు.

“చాలు మిసెస్ గ్రాంట్... ఇక నావల్ల కాదు... ఊపిరాడట్లేదు.”

ఎస్మీ చెయ్యెత్తింది. పాట ఆగింది. ఆమె ఆయన మొహంలో మొహం పెట్టి, ఊరంతా వినేలా అంది.

“మాట్లాడుతున్నావుగా? మాట్లాడగలుగుతున్నావంటే ఊపిరాడుతున్నట్టే.”

పార జారి కిందపడింది. అంత ఎర్రటి మొహమూ సున్నం కొట్టినట్టయింది.

“నేను... నేనామాట అన్నానని మీకెవరు చెప్పారు? గదిలో మేం తప్ప ఎవరూ లేరే!” అనేశాడు.

“ఎవరూ చెప్పలేదు. మీరంతా వాడి మీద పడేసరికి వాడు నాతోనే ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఫోను కిందపడింది గానీ కట్ కాలేదు,” అంది ఎస్మీ.