నమ్రత రాసిన రిపోర్ట్

"రెండు నిమిషాలే. ఎవరు చూస్తారు?" అంది నమ్రత.

భర్త తేజేశ్వర్ కారు ఆపాడు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి మెక్సికో సరిహద్దు వైపు రెండు గంటలు వచ్చేశారు. కంచె అవతల నీలం బ్లూబానెట్ పూలు నేల కనపడకుండా పూశాయి. ఇవతల పూల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది.

వెనక సీట్లో ఉన్న కూతురు ఆద్యకి త్వరలో హాఫ్ శారీ ఫంక్షన్. పూల మధ్య లంగా ఓణీ ఫోటో లేకుండా ఇన్విటేషన్ పంపితే నలుగురిలో తలెత్తుకునేదెలా అని నమ్రత బాధ.

గేటుకి గొలుసు ఉంది, తాళం లేదు. పక్కనే పెద్ద బోర్డు ఉంది. ఫోటోల హడావిడిలో ఉన్నవాళ్లు బోర్డులు చదవరు.

తేజేశ్వర్ గొలుసు తీశాడు. రీల్‌కి పనికొస్తుందని నమ్రత అదీ వీడియో తీసింది.

పది ఫోటోలు అయ్యాయో లేదో, భుజాన తుపాకీతో ఒక సైనికుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఎక్కడి వాళ్లు అక్కడే ఆగండి! బోర్డు చదవలేదా?" అని ఇంగ్లీషులో అరిచాడు.

తేజేశ్వర్ భార్య వైపు వంగి మెల్లగా అన్నాడు.

"గవర్నర్ దింపిన నేషనల్ గార్డ్ సైనికులు వీళ్లు. బోర్డర్ దగ్గర ప్రైవేట్ ల్యాండ్‌లోకి వస్తే అరెస్ట్ చేయమని ఆర్డర్ ఉందట. న్యూస్‌లో చూశా."

"ఇప్పుడా చెప్పేది?"

"ఏ వీసా మీద ఉన్నారు?" సైనికుడు అడిగాడు.

"హెచ్ వన్ బి సర్. పద్దెనిమిది రోజుల్లో గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ..."

పదకొండేళ్ల ఎదురుచూపు అది. మట్టిగొట్టుకుపోవడానికి ఒక్క అరెస్ట్ చాలు.

సైనికుడు రోడ్డు వైపు చూశాడు. దూరంగా పోలీసు కారు దుమ్ము లేపుకుంటూ వస్తోంది.

"ఫోన్ తియ్యి. అన్నీ డిలీట్ చెయ్యి. ముందు ఆ గేటు వీడియో!"

"సర్, మా పాప ఫోటోలు..."

"డిలీట్!"

నమ్రత డిలీట్ చేసింది. ట్రాష్ కూడా ఖాళీ చేయించాడు. లైసెన్సులు తీసుకుని పేర్లు రాసుకున్నాడు.

"కారులో కూర్చోండి. అద్దాలు ఎత్తండి. ఎవరూ నోరు తెరవొద్దు."

పోలీసు దిగాడు. సైనికుడు ఎదురెళ్లి గేటు చూపిస్తూ ఏదో చెప్పాడు. పోలీసు అతని మీదే విరుచుకుపడ్డట్టు కనిపించింది. కాసేపటికి ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

సైనికుడు వచ్చి లైసెన్సులు వెనక కిటికీలోంచి ఆద్య చేతికి ఇచ్చాడు. కారు మీద గట్టిగా చరిచాడు.

"వెళ్లండి. హైవే వచ్చేదాకా ఆగొద్దు."

"రాక్షసుడు," అంది నమ్రత కారు కదలగానే. చొక్కా మీది పేరు మాత్రం గుర్తుపెట్టుకుంది. హాలోవే.

"అమ్మా, ఆ సోల్జర్ నాకు సారీ చెప్పాడు. నా పిక్చర్స్ పోయినందుకు," అంది ఆద్య.

"నువ్వు ఊరుకో."

ఆ వారం ఆ ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. తేజేశ్వర్‌కి ఆఫీస్ మీటింగుల్లో కూడా ఒకటే ఆలోచన, మా పేర్లు ఎందుకు రాసుకున్నాడు? ఆ కాగితం ఇంటర్వ్యూ ఆఫీసర్ టేబుల్ మీదకి వస్తే?

తెలిసిన పెద్దమనిషి ధర్మారావుకి ఫోన్ చేశాడు. ఆయన ఇరవై ఏళ్ల కిందటే సిటిజన్ అయ్యారు. అప్పటినుంచి అందరికీ ఉచిత సలహాలు.

"వాడేం రాశాడో ఏమో తేజా! వాడి మీద నువ్వే ముందు కంప్లైంట్ పడెయ్. మీ వెర్షన్ రికార్డ్‌లో ఉండాలి."

నమ్రతది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ప్రోగ్రాములో తప్పు ఎలా వచ్చిందో స్టెప్పుల వారీగా చెప్పే బగ్ రిపోర్టులు పన్నెండేళ్లుగా రాస్తోంది. ఈ కంప్లైంట్ కూడా అలాగే రాసింది.

స్టెప్ ఒకటి: గేటుకి తాళం లేదు, చుట్టుపక్కల ఎవరూ లేరు, గొలుసు మేమే తీసి లోపలికి వెళ్లాం.

"అది రాయాలా?" అన్నాడు తేజేశ్వర్ బెదురుగా.

"తాళం లేదు కాబట్టి మన తప్పు కాదని తెలియాలిగా! స్టెప్స్ కంప్లీట్‌గా లేకపోతే రిపోర్ట్ వెనక్కి కొడతారు. నా సర్వీస్‌లో ఒక్కటీ వెనక్కి రాలేదు."

స్టెప్ రెండు: పది నిమిషాల తర్వాత హాలోవే అనే సైనికుడు వచ్చాడు. స్టెప్ మూడు: బెదిరించి మా ఫోటోలు తీసేయించాడు.

గార్డ్ ఆఫీసుకి సెండ్ నొక్కాక ఆమెకి కాస్త ఊపిరి ఆడింది.

ఇంటర్వ్యూలో ఆఫీసర్ అడిగాడు, "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా?"

"లేదు సర్."

అతను తలూపి పేజీ తిప్పాడు. అంతే. వారానికి గ్రీన్ కార్డులు పోస్టులో వచ్చాయి.

"చూశావా నా రిపోర్ట్ పవర్!" అంది నమ్రత. ఆ సాయంత్రం ఇంట్లో సేమ్యా పాయసం.

తర్వాతి సోమవారం గార్డ్ ఆఫీసు నుంచి కవరు వచ్చింది. తేజేశ్వర్ పైకి చదివాడు.

"మీ ఫిర్యాదుకు ధన్యవాదాలు. మీ మీద ఏ కేసూ లేదు. సైనికుడు హాలోవే ఆ రోజు ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమని మీ స్టెప్ ఒకటి వల్ల తేలింది. అతన్ని సర్వీసు నుంచి తొలగించాం."

"నేను చెప్పలా? మన మీద అబద్ధాలే రాశాడన్నమాట! ఏం రాశాడట?"

వెనక హాలోవే వాంగ్మూలం జతచేసి ఉంది. తేజేశ్వర్ చదివి ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

అందులో చేతిరాతతో రెండే లైన్లు ఉన్నాయి: "ఆ కుటుంబం తప్పేమీ లేదు. గేటు తీసి, లోపలికొచ్చి పాపకి ఫోటోలు తీసుకోమని పిలిచింది నేనే."