ఉత్తరపు కిటికీ

దక్షిణానికి తలపెట్టి పడుకున్నా, పీడకలలోంచి లేచేసరికి చిజురు తల రోజూ ఉత్తరపు కిటికీ కిందే ఉంటోంది. కలలో నల్లబట్టలవాళ్ళు ఆమె చుట్టూ కూర్చుని అగరువత్తులు వెలిగిస్తున్నారు.

“మనలో ఉత్తరానికి తలపెట్టి పడుకోబెట్టేది శవాన్నేనే! నిద్రలో దొర్లడం నీకు చిన్నప్పటి జబ్బు,” అంది అక్క మిత్సుయే, పక్క పరుపు మీంచి.

“ఇవాళ దొర్లను, చూస్తూండు!”

చిజురు దిండును పరుపుకీ, పరుపును గది నేలంతా బిగించి పరిచిన చాపకీ, తన చొక్కా చేతిని దిండుకీ గట్టిగా కుట్టేసింది.

చీకటుండగానే మెలకువ వచ్చింది. కుట్టు ఒక్కటీ తెగలేదు.

“గెలిచానక్కా!” అంటూ పైకి చూసింది. పాదాలవైపు ఉండాల్సిన కిటికీ తలమీద ఉంది. బయట మంచు తెల్లగా మెరుస్తోంది. గదిలో అగరు వాసన.

చిజురు పళ్ళు బిగించి చెయ్యి చాపింది. “దారం ఇలా తే అక్కా. ఈసారి గదినే కుట్టేద్దాం.”

చల్లటి చెయ్యి ఒకటి సూదీ దారం అందించింది. పక్కన అక్క గురక ఆగనేలేదు.