సమాధి దగ్గర పాట

బేకర్స్‌ఫీల్డ్ హాల్లో సినిమా నడుస్తోంది. తెర మీద హీరో, అందులో చిన్న వేషం వేసిన మా ఆయన క్లీటస్‌ను కాల్చి చంపి, పాతిపెట్టి, ఆ సమాధి దగ్గరే టోపీ తీసి పాట అందుకున్నాడు. జనం కళ్లు తుడుచుకుంటున్నారు.

హీరోకి పాడటం రాదు. ఆ గొంతు మా ఆయనదే. ఆ సంగతి బయటపడితే ఆయనకిక వేషాలుండవని స్టూడియోవాళ్లు ముందే బెదిరించారు.

నా ఒళ్లు మండిపోయింది. నలుగురిలో నోరెత్తని దాన్ని, లేచి అరిచాను. "ఆ పాడేది మా ఆయన!"

"ఎవరూ, హీరోనా?" అంది ముందు వరసలో ఒకావిడ.

"కాదు, గోతిలో ఉన్నాయన!"

హాలంతా పగలబడి నవ్వింది. "కూర్చోవమ్మా పిచ్చితల్లీ, శవాలు పాడతాయా?"

"కూర్చో ఓపల్, మన పొట్ట కొట్టకు," అంటూ పక్క సీట్లోంచి మా ఆయన నా చెయ్యి లాగారు.

నవ్వులు ఆగలేదు. ఆయన నా చెయ్యి వదిలేశారు. లేచి, టోపీ తీసి, రెండో చరణం హీరో కంటే ముందే అందుకున్నారు.