మోకాలి న్యాయం

“నా మోకాలు బాగానే ఉంది డాక్టరుగారూ. మీ నడుం ఎలా ఉంది?”

సదాశివరావు ఎక్స్‌రే వెనకాల దీపం ఆర్పాడు. ఢిల్లీలో, ద్వారకలోని ఆ పెద్ద ఆసుపత్రిలో ఆయన ఎముకల సర్జను. కీళ్ళు అతకడం వృత్తి, కరాటే ప్రవృత్తి. బ్లాక్ బెల్టు పాతికేళ్ళ వయసులో వచ్చింది. నడుముకి బెల్టు యాభై దాటాక వచ్చింది. ఈ రెండో బెల్టు సంగతి రోగులకి తెలియదు.

“నా నడుముకేమైందమ్మా?”

“పోయిన నెల మెట్రో పార్కింగులో మా అమ్మాయి శరణ్యని ఇద్దరు అడ్డగించారు. మాస్కు పెట్టుకున్నాయన ఎవరో వచ్చి ఆదుకున్నాడు. మాట్లాడిందంతా హిందీయేనట. ఒకడి మోకాలి మీద తన్నాక మాత్రం ‘అబ్బా, నా నడుం!’ అని అచ్చ తెలుగులో మూలిగాడట.”

మోకాలి నొప్పని వచ్చిన లక్ష్మీకుమారి కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. చదవకుండా ఏ ఫైలు మీదా సంతకం పెట్టే రకం కాదు.

“ఈ చుట్టుపక్కల అంతెత్తుకి కాలు లేపే తెలుగాయన, ఆదివారాలు పార్కులో పిల్లలకి కరాటే నేర్పే మీరు తప్ప ఇంకెవరండీ?”

సదాశివరావు లేచి తలుపు మూశాడు. “పోలీసులకి చెప్పారా?”

“పట్టివ్వడానికి రాలేదు, మొక్కడానికొచ్చాను. టీవీల వాళ్ళంతా మీ మోకాలి దెబ్బకి మొక్కాలంటున్నారుగా!”

నిజమే. నోయిడా నుంచి గుర్‌గావ్ దాకా ఆడపిల్లల్ని వేధించేవాళ్ళు ఇప్పుడు తమ కాళ్ళ వంక భయంగా చూసుకుంటున్నారు. ఈ ఢిల్లీ పొగలో మాస్కు లేనివాణ్ణే అనుమానించాలి కనక, ఆయన్నెవరూ అనుమానించలేదు. థియేటర్లో ఆపరేషను, బయట యాక్షను. ముఖం ముట్టుకోడు. తన్నే ముందు ఒకటే ప్రశ్న: “క్యా కామ్ కర్తే హో?” ఏం పని చేస్తావని. కూలీ అంటే వదిలేస్తాడు, రిక్షా అంటే వదిలేస్తాడు. మేనేజరు అంటే మోకాలు విరుస్తాడు. విరిచాక తనే అంబులెన్సు పిలిచి, ఈ ఆసుపత్రికే పంపించి, మర్నాడు తనే శ్రద్ధగా అతుకుతాడు. పేదవాడి పక్షం వహించిన వీరుడని టీవీలో గంటసేపు చర్చ కూడా పెట్టారు.

“ఒక్కటే అర్థం కాలేదండీ,” అంది లక్ష్మీకుమారి. “మా పిల్ల చున్నీ లాగినవాడు నవదీప్. పనేం చేస్తావంటే ఏమీ లేదన్నాడు. వదిలేశారు. పక్కన ఫోను చూసుకుంటూ నిలబడ్డవాడు సాఫ్ట్‌వేర్ అన్నాడు. వాడి మోకాలు పగలగొట్టారు.”

“చదువుకుని కూడా చూస్తూ ఊరుకున్నవాడిదే పెద్ద తప్పమ్మా. నేను లేనివాడి మీద చెయ్యెత్తను.”

“చెయ్యెందుకూ, మీరెత్తేది కాలేగా!”

సదాశివరావు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“ఆ నవదీప్ ఇప్పుడు రోజూ మెట్రో గేటు దగ్గరే కాపు కాస్తున్నాడు. ఆ మాస్కువాడే నన్ను వదిలేశాడు, నువ్వెంత అంటున్నాడట. పోలీసులు మాకే బుద్ధి చెప్పి పంపారు. పిల్ల కాలేజీ మానేసి కూచుంది. ఒక్క తన్ను తన్నండి చాలు.”

“పనీ పాటా లేనివాణ్ణి కుంటివాణ్ణి చేసి ఏం బావుకుంటాం? వాణ్ణి కాలమే శిక్షిస్తుంది.”

“కాలం అక్కర్లేదండీ. కాలు కావాలి.”

ఆయన ఎక్స్‌రే కవర్లో పెట్టి ఇచ్చాడు. ఆమె తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“వాడికి ఉద్యోగం ఉంటే?”

“ఉంటే మాట వేరు.”

దీపావళి వెళ్ళాక లక్ష్మీకుమారి మళ్ళీ వచ్చింది, మిఠాయి డబ్బాతో. వెనకాల శరణ్య, కళ్ళు మాత్రమే కనిపించేలా చున్నీ చుట్టుకుని.

“నవదీప్‌కి ఉద్యోగం ఇప్పించానండీ,” అంది లక్ష్మీకుమారి.

సదాశివరావు నోట్లో పెట్టుకోబోయిన లడ్డూ చేతిలోనే ఆగింది.

“గుర్‌గావ్‌లో ఉమాశంకర్ అని మావారి స్నేహితుడి కంపెనీ. నా కూతురి ట్రైనింగు కోసం కూడా ఎవర్నీ అడగనిదాన్ని, వీడి కోసం ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. వీడి కాలు విరగడానికి ఎన్ని కాళ్ళు పట్టుకోవాలో!”

“అంకుల్, అతను బైక్ కూడా కొన్నాడు,” అంది శరణ్య నేల చూస్తూ. “ఇంతకుముందు మెట్రో దాకానే. అబ్ ఘర్ తక్... ఇంటిదాకా వస్తున్నాడు.”

సదాశివరావు ముందుకు వంగాడు. “పర్మనెంటా, కాంట్రాక్టా?”

“పర్మనెంటే. కాంట్రాక్టయితే మళ్ళీ మీరు పేదవాడంటారని అడిగి మరీ వేయించాను.”

“చేరి ఎన్నాళ్ళయింది?”

“వారం. మూడు నెలలు ప్రొబేషనట.”

ఆయన మళ్ళీ వెనక్కి వాలాడు. నడుం పట్టేసినట్టుంది, ముఖం చిట్లించాడు. “అయితే ఆ మూడు నెలలూ ఆగాలమ్మా.”

“అప్పటిదాకా దీన్ని ఎక్కడ దాచుకోమంటారు?”

“మనిషన్నాక మారడానికి ఒక అవకాశం ఇవ్వాలి కదా.”

లక్ష్మీకుమారి ఆయన వెనక అద్దాల బీరువాలో వరసగా పెట్టిన ‘ఉత్తమ సర్జన్’ షీల్డుల వంక చూసింది. కళ్ళు తుడుచుకుంది.

“మీరు చాలా గొప్పవారు డాక్టరుగారూ. మీ గొప్పతనాన్ని భరించే ఓపికే మాకు లేదు. పద శరణ్యా.”

వాళ్ళు వెళ్ళాక సదాశివరావు కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద తల్లీ కూతుళ్ళు గోడ వారగా నడుస్తున్నారు. గేటు పక్క పొగలోంచి కొత్త బైకు ఒకటి కదిలి, నెమ్మదిగా వాళ్ళ వెనకే వెళ్ళింది. దాని మీదున్నవాడి మోకాలు పక్కకి చాచి, తన్నడానికి ఎంతో వీలుగా ఉంది. లిఫ్టు కూడా ఎదురుగానే ఉంది.

ఆయన పరదా మూసి, చల్లారిపోతున్న టీ తీసుకున్నాడు.

ప్రొబేషన్ అయితేగానీ నవదీప్‌కి, ఆపరేషను బిల్లు కట్టే కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు రాదు.