తీగ లేని మాట

సంచీలో రెండు చీరలు, బీపీ మాత్రలు, కళ్ళజోడు సర్దాక ఆవిడ చార్జరు కోసం మూడోసారి వెతికింది. అన్నిటికంటే ముందు పెట్టింది దాన్నే. అడుగున భద్రంగా ఉంది.

చెవిలో పెట్టుకున్న పరికరాన్ని ఒకసారి నొక్కింది.

"హలో, వినిపిస్తోందా?" అన్నాడు ఆయన.

"వినిపిస్తోందండీ."

"తాళం రెండుసార్లు లాగి చూశావా?"

"ఇంకా ఇంట్లోనే ఉన్నా. బస్సుకి గంట టైముంది."

ఆయనది టెలిఫోన్ లైన్‌మన్ ఉద్యోగం. స్తంభమెక్కి తీగ కలిపాక ఒక ప్రశ్న అడిగి, అవతలివాళ్ళ జవాబు కోసం అయిదు లెక్కపెట్టేంతసేపు ఆగడం ఆ పనిలో అలవాటు. ఇంట్లోనూ అదే తీరు. చెప్పాల్సిందేదో ఆ అయిదు అంకెల్లోనే చెప్పేయాలి. బావతో మాట్లాడటమంటే పరుగుపందెమేనని చెల్లెలు వేళాకోళం చేసేది.

ఇప్పుడా చెల్లెలే కాలు విరిగి మంచాన పడింది. కొండ అవతల ఊరు. నెల రోజులు దగ్గరుండి చూసుకోవాలి, వెళ్ళక తప్పదు. నాలుగేళ్ళుగా ఆవిడ వీధి చివర దాటింది లేదు. ప్రయాణమంటే భయం కాదు. మాట ఏదైనా తీగ వెంటే నడిచొస్తుందని నలభై ఏళ్ళు నమ్మిన మనిషి ఆవిడ. ఆ తీగ ఇంటి గోడ దగ్గర ఆగిపోతుంది. గోడ దాటాక ఆయన మాట తెగిపోతే ఇక తనకేం మిగులుతుంది?

ఫోను కొన్నదీ, అన్నీ అమర్చి ఇచ్చిందీ ఆయనే. తీగలు లేని రోజులొచ్చాయి, భయపడకు అని కూడా చెప్పాడు. అయినా నిన్న వీధి చివర ఫోన్లు బాగుచేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఎవరి మాట కోసమో చెప్పలేదు. ఇల్లు దాటితే ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదని మాత్రం అడిగింది.

ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. వైఫై ఇంట్లో పెట్టె నుంచి వస్తుంది, గేటు దాటితే వదిలేస్తుంది. అక్కణ్ణుంచి మొబైల్ డేటా అందుకుంటుంది, టవర్లు ఉన్నంత మేర. పక్కవాళ్ళ ఫోన్ నుంచి చేబదులు తెచ్చుకుంటే అది హాట్‌స్పాట్. ఫోనుకీ చెవిలోదానికీ మధ్య నడిచేది బ్లూటూత్, ఒక గది మేర. ఫోన్లోనే దాచుకున్న పాటల్లాంటివాటికి ఆ ఒక్కటి చాలు.

"కొండ మీద టవరుంటుందా?"

"ఉండదు పెద్దమ్మా. ఓ అరగంట ఎవరి ఫోనూ పలకదు."

ఆ అరగంట గుండెల్లో రాయిలా ఉండిపోయింది.

తాళం రెండుసార్లు లాగి చూసి బయల్దేరింది. గేటు దగ్గరే వైఫై గుర్తు మాయమైంది. బస్సు కొండెక్కుతుంటే తెర మీది గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. పక్క సీట్లో కుట్టుపని సంచీతో ఉన్న ఒకావిడ, సిగ్నలు చచ్చిందని గొణుక్కుంటూ ఫోను ఒళ్ళో పడేసుకుంది.

ఆవిడ చెవి దగ్గర నొక్కింది.

"హలో, వినిపిస్తోందా?"

కళ్ళు చెమర్చాయి. "వినిపిస్తోందండీ."

"తాళం రెండుసార్లు లాగి చూశావా?"

"లాగానండీ."

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"సరే. సాయంత్రానికి వచ్చేస్తాను. గుమ్మంలో కూచోకు, చలిగాలి."

కుట్టుపనావిడ వింతగా చూసింది. "ఇంతమందిలో ఒక్కరికీ పలకడం లేదు, మీకెలా వస్తోంది పెద్దమ్మా?"

"మా ఆయన లైన్‌మన్" అంది ఆవిడ, కాస్త గర్వంగానే.

"అదృష్టవంతులు. ఎక్కడికెళ్ళారు ఆయన?"

"ఆసుపత్రికి. సాయంత్రానికి వచ్చేస్తానన్నారు."

ఫోన్లో దాచుకున్న ఆ మాటలోని సాయంత్రం నాలుగేళ్ళ కిందటిది, ఆయన తిరిగి రాలేదు.